హాడ్జెస్ గీసిన మంచుకొండలు: 1773 నాటి రిజల్యూషన్, అడ్వెంచర్ ఓడల బొమ్మ

స్వాతిచినుకు:
సముద్రాన్ని గీసిన బొమ్మల మీద ఇష్టమున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఈమధ్య నేను పదే పదే తెరిచి చూస్తున్న బొమ్మ ఒకటుంది. విలియం హాడ్జెస్ వేసిన నీటిరంగుల చిత్రం. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ స్టేట్ లైబ్రరీ దగ్గర ఉంది. దక్షిణాన 61 డిగ్రీల అక్షాంశం దగ్గర, 1773 జనవరి 4న, రిజల్యూషన్, అడ్వెంచర్ అనే రెండు తెరచాప ఓడలు తాగునీటి కోసం మంచు ఎక్కించుకుంటున్నాయని దాని పేరే చెబుతుంది.

ధ్రువయాత్రల బొమ్మ అనగానే మనకు ఓడ నలిగిపోవడమో, మనుషులు చావుబతుకుల్లో ఉండటమో గుర్తొస్తుంది. ఇందులో అదేమీ లేదు. పెద్ద మంచుకొండ పక్కన మనుషులు చిన్న పడవల్లో కూర్చుని నీళ్లలో తేలే మంచుగడ్డలు ఏరుతున్నారు. బొమ్మంతా నీలం, బూడిద రంగే. చలి తెలుస్తుంది, కానీ కంగారు లేదు. రోజూ చేసే పనిలా కనిపిస్తుంది. నాకు నచ్చింది అదే.

రెండు సందేహాలు. ఉప్పు సముద్రంలో తేలే మంచు కరిగిస్తే మంచినీళ్లు ఎలా వస్తాయి? ఇంత చలిలో ఓడ మీద కూర్చుని ఎవరైనా నీటిరంగులు ఎలా వేస్తారు?

తూర్పుతీరం:
మొదటి ప్రశ్నకు నేను చెప్తానమ్మా. విశాఖ నుంచి మర్చంట్ నేవీలో చేరి ఇంజన్ రూమ్‌లోనే రిటైరైనవాణ్ణి. మా ఓడల్లో సముద్రపు నీటిని మరిగించి మంచినీరు తీసే యంత్రం ఉండేది. అది ఆగిపోతే ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు. ఈ రెండు ఓడల యాత్రను నడిపించిన ఇంగ్లిష్ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ కాలంలో అలాంటిదాని మీద ఆధారపడే పరిస్థితి లేదు. పీపాల్లో నింపుకున్న నీళ్లు అయిపోతే ఏదో ఒక తీరం చేరాల్సిందే. దక్షిణంగా ఎంత దూరం వెళ్లగలరన్నది ధైర్యం కంటే ముందు పీపాలు తేల్చేవి.

మంచుకొండ సముద్రపు నీరు గడ్డకడితే వచ్చింది కాదు. భూమి మీద వేల ఏళ్లుగా కురిసిన మంచు ఒత్తుకుపోయి, హిమానీనదమై జారి, సముద్రంలోకి విరిగిపడిన ముక్క. అంటే అది వాననీరు లాంటిదే. పైన అంటుకున్న ఉప్పునీరు మాత్రం వదిలించాలి. కుక్ మనుషులు గడ్డలను డెక్ మీద కాసేపు ఉంచితే ఆ ఉప్పునీరు కారిపోయేది. తర్వాత వంట రాగి పాత్రల్లో కరిగించారు, కొంత మంచును నేరుగా పీపాల్లో కుక్కారు.

కుక్ దినచర్య ప్రకారం మూడు పడవలు దించారు. అయిదారు గంటల పనిలో రిజల్యూషన్‌కు దాదాపు 15 టన్నుల మంచినీరు దొరికింది. కరిగించడానికి సమయం పడుతుందన్న ఒక్క ఇబ్బంది తప్ప, ఇంత త్వరగా నీళ్లు పట్టుకునే పద్ధతి తాను ఇంకెక్కడా చూడలేదని ఆయన రాసుకున్నాడు. తీరం దగ్గర వాగు వెతికి, పీపాలు దొర్లించి, నింపి, మళ్లీ పడవలోకి ఎక్కించే చాకిరీ చూసినవాడి మాట అది.

ఒక్కటి గమనించండి. పడవలు కొండనే కొట్టడం లేదు. చుట్టూ విడిగా తేలే ముక్కల్నే ఏరుతున్నాయి. కొండలో పదింట తొమ్మిది వంతులు నీటి అడుగునే ఉంటుంది. కింద కరిగేకొద్దీ బరువు మారి ఉన్నట్టుండి తిరగబడుతుంది. దాని పక్కన పడవ ఉంటే ఇక అంతే.

కుంచెమాట:
తూర్పుతీరం గారు చెప్పాక బొమ్మ నాకు ఇంకోలా కనిపిస్తోంది. నేను పిల్లలకు డ్రాయింగ్ చెప్తాను, హాడ్జెస్ నాకు చాలాకాలంగా ఇష్టమైన చిత్రకారుడు. ఆయన గురించి కొంచెం.

1744లో లండన్‌లో పుట్టాడు. ప్రకృతిదృశ్యాల చిత్రకారుడు రిచర్డ్ విల్సన్ దగ్గర నేర్చుకున్నాడు. విల్సన్ ఇటలీ వెలుగును గీసినవాడు. బంగారు రంగు సాయంత్రాలు, చెట్లు, పాత శిథిలాలు. శిష్యుడికి అబ్బింది కూడా అదే పద్ధతి. ఈ యాత్రకు ముందుగా ఎంపికైనవాడూ కాదు. కుక్ మొదటి యాత్రలో వెళ్లిన ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ రెండోసారి తన పరివారంతో, తన చిత్రకారులతో బయల్దేరాలనుకున్నాడు. ఓడలో వాళ్ల కోసం కట్టించిన అదనపు అంతస్తు వల్ల ఓడ తూగడం మొదలైంది, దాన్ని తీసేశారు. బ్యాంక్స్ కోపంతో తప్పుకున్నాడు. చివరి నిమిషంలో నౌకాశాఖ హాడ్జెస్‌ను తీసుకుంది. 1772 జూలై 13న ఓడలు ప్లిమత్ వదిలాయి.

నేర్చుకున్నదేమో ఇటలీ వెలుగు, ఎదురుగా చూస్తే మంచు. చెట్టు లేదు, నేల లేదు, దూరాన్ని అంచనా కట్టడానికి ఒక ఇల్లైనా లేదు. నీడలో నలుపు కూడా లేదు. ఆయన నేర్చుకున్నదేదీ అక్కడ పనికిరాదు. అందుకే రంగులు తగ్గించేసి, నీలి బూడిద రంగుల పలుచని పూతలతో సరిపెట్టాడని నా అభిప్రాయం. అక్కడి గాలి అలాగే ఉంటుంది మరి. మంచుకొండల దృశ్యం మనసును ఒకేసారి ఆశ్చర్యంతో, భయంతో నింపుతుందని, నేర్పరి అయిన చిత్రకారుడి కుంచె తప్ప దాన్ని ఏదీ చెప్పలేదని కుక్ స్వయంగా రాశాడు. ఆ మాట రాసినప్పుడు ఆ చిత్రకారుడు అదే ఓడలో ఉన్నాడు.

స్వాతిచినుకు:
చాలా బాగా చెప్పారు ఇద్దరూ. కుంచెమాట గారూ, తేదీ విషయం అడగాలి. బొమ్మ పేరులో జనవరి 4 అని ఉంది. తూర్పుతీరం గారు చెప్పిన 15 టన్నుల సంగతి కుక్ రాతల్లో జనవరి 9న ఉంది కదా?

కుంచెమాట:
మంచి ప్రశ్న. కుక్ యాత్రా గ్రంథం 1777లో అచ్చయినప్పుడు హాడ్జెస్ మంచుకొండల బొమ్మను చెక్కి అందులో వేశారు. ఆ అచ్చుబొమ్మ కింద జనవరి 9 అనే ఉంది. దినచర్యతో సరిపోయేది అదే. నన్నడిగితే 9వ తేదీనే నమ్మాలి. దినచర్య ఏ రోజుకారోజు రాసింది, బొమ్మ పేర్లు తర్వాత కూడా చేరతాయి.

నీలిసిరా:
అందరూ హాడ్జెస్‌ను మెచ్చుకుంటున్నారు, నాకు మాత్రం ఈ బొమ్మ అంతగా ఎక్కలేదు. ధ్రువయాత్ర అంటే నాకు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1823-24లో వేసిన మంచుసముద్రం. జర్మనీలో హాంబర్గ్ మ్యూజియంలో ఉంది. బల్లెం మొనల్లాంటి మంచు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆకాశం వైపు లేస్తుంటాయి. ఓడ ఎక్కడుందా అని వెతికితే కుడివైపు ఒక మూల, పలకల కింద నలిగిన వెనకభాగం మాత్రం కనిపిస్తుంది. మనిషి ఎంత చిన్నవాడో ఆ ఒక్క మూల చెప్పేస్తుంది. హాడ్జెస్ బొమ్మ రికార్డు. ఫ్రీడ్రిష్‌ది అనుభవం.

తూర్పుతీరం:
నీలిసిరా బాబూ, ఆయన ధ్రువం వైపు వెళ్లనే లేదుగా?

నీలిసిరా:
వెళ్లలేదు సర్. డ్రెస్డెన్‌లో ఎల్బే నది గడ్డకట్టి పలకలుగా విరిగినప్పుడు ఆ పలకలను దగ్గరగా చూసి గీసుకున్నాడు. కానీ చూసినవాడే నిజం చెప్పగలడంటే నేను ఒప్పుకోను. చూడనివాడు కూడా భయాన్ని సరిగ్గా పట్టుకోగలడు.

కుంచెమాట:
ఫ్రీడ్రిష్ గొప్ప చిత్రకారుడు, అందులో వాదన లేదు. ఆ బొమ్మ ఆయన బతికుండగా అమ్ముడుపోకపోవడం ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. కానీ రికార్డు, అనుభవం అని విడదీయడం దగ్గర నేను మీతో విభేదిస్తాను.

ఆయన ఆ బొమ్మ వేసే రోజుల్లో విలియం పారీ ఉత్తర ధ్రువ యాత్రల కబుర్లు ఐరోపా అంతటా వినిపిస్తున్నాయి. పారీ 1819-20 యాత్ర ఓడలు హెక్లా, గ్రైపర్ మంచులో చలికాలమంతా చిక్కుకుని కూడా క్షేమంగా తిరిగొచ్చాయి. మనుషులు అక్కడ నెలల తరబడి ఎలా బతికారు, ఏం తిన్నారు, ఏం తాగారు అన్నదే ఆ కాలపు అసలు కథ. ఫ్రీడ్రిష్ ఆ మనుషులను తీసేశాడు. ఓడను ముంచేశాడు. అది ఆయన ఇష్టం, ఆయన వేదన. హాడ్జెస్ మనుషులను ఉంచాడు. పడవలో వంగి మంచుగడ్డ లాగేవాడి వేళ్లు ఎలా ఉంటాయో నేను ఊహించుకోగలను. అది అనుభవం కాక మరేమిటి?

తూర్పుతీరం:
వేళ్ల గురించి అన్నారు కాబట్టి చెప్తాను. చలి మొదలవగానే కుక్ నావికులకు మందపాటి కోట్లు ఇప్పించాడు. కోటు చేతులు పొట్టిగా ఉన్నాయని ఉన్నిబట్ట వేసి పొడిగించాడు, ఒక్కొక్కరికీ టోపీ కుట్టించాడు. అయినా తాళ్లు తీగల్లా, తెరచాపలు లోహపు రేకుల్లా బిగుసుకుపోయేవని మరో చోట రాశాడు. కప్పీల్లో చక్రాలు గడ్డకట్టి తిరిగేవి కావు. ఆ తాళ్లనే చేతులతో లాగి ఓడను తిప్పాలి. పొగమంచులో ఎదురుగా కొండ కనబడ్డాక తప్పించుకోవడానికి దొరికే సమయం నిమిషాలే.

ఆ రెండు ఓడలు మంచు కోసం ప్రత్యేకంగా కట్టినవి కూడా కావు. ఇంగ్లండ్‌లో విట్బీ ఊళ్లో బొగ్గు మోయడానికి కట్టిన ఓడలు. బరువు బాగా మోస్తాయి, గట్టివి, కానీ మంచు మధ్య ఇరుక్కుంటే నిలబడే ఏర్పాట్లు లేవు. అందుకే కుక్ మంచు అంచు వెంట వెతుక్కుంటూ వెళ్లాడు తప్ప లోపలికి దూరలేదు.

నీళ్ల సంగతి ఇక్కడే ముఖ్యం. జనవరి 9న పీపాలు నిండాయి. ఇక నీళ్ల కోసం వెనక్కి తిరగాల్సిన అవసరం లేదని ఆయనకు అర్థమైంది. దక్షిణానికి తిరిగాడు. జనవరి 17న దక్షిణ ధ్రువ వలయం దాటాడు. చరిత్రలో అది దాటినట్టు నమోదైన మొదటి ఓడలు అవే. స్వాతి గారికి రోజువారీ పనిలా కనిపించిందే, ఎనిమిది రోజుల తర్వాత జరిగినదాన్ని సాధ్యం చేసింది.

నీలిసిరా:
ఇది నాకు తెలియదు సర్. దీని తర్వాత బొమ్మను మళ్లీ చూడాల్సిందే. ఫ్రీడ్రిష్ మీద ఇష్టం మాత్రం తగ్గదు.

పడమటిగాలి:
డాలస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. కానీ డాలస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఫ్రెడరిక్ చర్చ్ వేసిన మంచుకొండల బొమ్మ ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. ప్రవేశం ఉచితం. దాదాపు 2.86 మీటర్ల వెడల్పు. ఎదురుగా నిలబడితే కన్ను ఎక్కడ ఆపాలో తెలియదు. ఆకుపచ్చ నీళ్లు, గులాబీ వెలుగు పడిన మంచు గోడ.

చర్చ్ 1859లో న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ తీరాలకు వెళ్లి మంచుకొండలను చూసి గీసుకొచ్చాడు. 1861లో న్యూయార్క్‌లో ప్రదర్శనకు పెట్టేసరికి అమెరికా అంతర్యుద్ధం మొదలై రెండు వారాలే అయింది. కొనేవాళ్లు దొరకలేదు. తర్వాత లండన్‌కు పంపే ముందు బొమ్మ ముందుభాగంలో విరిగిన తెరచాప స్తంభం ఒకటి కొత్తగా వేశాడు. ఉత్తర ధ్రువ ప్రాంతానికి వెళ్లిన జాన్ ఫ్రాంక్లిన్ యాత్రలో మాయమైన 129 మందిని తలుచుకుంటున్న ఇంగ్లండ్‌కు ఆ ముక్క చాలు. ఆ బొమ్మ తర్వాత ఎక్కడుందో లోకం మర్చిపోయింది. 1979లో మాంచెస్టర్‌లో ఒక అబ్బాయిల వసతి గృహంలో దొరికింది. అదే ఏడాది న్యూయార్క్ వేలంలో 25 లక్షల డాలర్లు పలికింది. అప్పటికి అమెరికన్ చిత్రానికి అంత ధర రాలేదు.

కుంచెమాట గారి మాట నాకు నచ్చింది. చర్చ్ బొమ్మలో మనుషులు ఒక్కరూ లేరు, విరిగిన స్తంభమే మనిషికి గుర్తు. మా అమ్మాయి "ఓడ ఏది నాన్నా?" అని వెతికింది.

మల్లెపందిరి:
ఫ్రాంక్లిన్ పేరు వచ్చింది కాబట్టి చిన్న విశేషం. ఎడ్విన్ లాండ్‌సీర్ 1864లో ఆ యాత్ర మీద వేసిన బొమ్మ లండన్ దగ్గర రాయల్ హాలోవే కాలేజీలో ఉంది. రెండు ధ్రువపు ఎలుగుబంట్లు ఓడ శిథిలాలను చీలుస్తుంటాయి, ఒకటి ఎముక కొరుకుతుంటుంది. ఫ్రాంక్లిన్ భార్య ప్రదర్శనకు వచ్చి కూడా దాని దగ్గరికి వెళ్లలేదు. ఆ హాల్లోనే పరీక్షలు జరుగుతాయి. బొమ్మ ఎదుట కూర్చుంటే ఫెయిలవుతారని విద్యార్థుల నమ్మకం. అందుకే పరీక్షలప్పుడు దాన్ని బ్రిటన్ జెండాతో కప్పేస్తారు.

భౌతికం:
హాడ్జెస్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆయన మంచును నీటిరంగుల్లోనే కాదు, నూనెరంగుల్లో కూడా వేశాడు. అది రెండు వందల ఏళ్లకు పైగా ఎవరికీ కనబడలేదు.

మంచు మధ్య ఆ వేసవి (దక్షిణాన జనవరి వేసవే) తిరిగాక, 117 రోజులు నేల చూడకుండా, 1773 మార్చి చివర్లో రిజల్యూషన్ న్యూజిలాండ్ దక్షిణ కొసన డస్కీ బే చేరింది. హాడ్జెస్ అక్కడి పికర్స్‌గిల్ హార్బర్‌ను వేశాడు. దట్టమైన అడవి, తడి ఆకులు, ఓడ నుంచి ఒడ్డుకు వాలిన చెట్టుమాను మీదుగా నడుస్తున్న మనిషి. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది. 2004లో హాడ్జెస్ ప్రదర్శన కోసం సిద్ధం చేస్తూ ఎక్స్‌రే తీశారు. అడవి అడుగున రెండు మంచుకొండలు బయటపడ్డాయి.

ఎక్స్‌రేలో ఎలా కనబడిందో చెప్తాను. అప్పట్లో తెలుపు రంగును సీసంతో చేసేవారు. సీసం ఎక్స్‌రేలను ఆపేస్తుంది. మంచుకొండలంటే తెలుపు బాగా వాడాలి కదా. అడవిలో వాడిన గోధుమ, ఆకుపచ్చ రంగుల్లోంచి కిరణాలు చాలావరకు దూసుకుపోతాయి. అందుకే పైనున్న చెట్లను దాటుకుని కింది మంచు స్పష్టంగా తెల్లగా వచ్చింది.

స్వాతిచినుకు:
ఒళ్లు జలదరించింది చదువుతుంటే. అంత కష్టపడి చూసిన మంచును తనే ఎందుకు కప్పేశాడు?

కుంచెమాట:
నా ఊహ చెప్తాను. ఓడలో కాన్వాస్ కొద్దిగానే ఉంటుంది, మూడేళ్ల యాత్ర. అది ఒక కారణం. ఇంకోటి, నాలుగు నెలలు తెలుపు, బూడిద తప్ప చూడని కళ్లకు ఒక్కసారిగా ఆకుపచ్చ కనబడింది. విల్సన్ శిష్యుడికి తనకు చేతనైన ప్రపంచం తిరిగి దొరికింది. చెట్టు, ఆకుల్లోంచి దిగే వెలుగు, తడి నేల. చేతికందిన కాన్వాస్ మీద అది వేసేసి ఉంటాడు. డస్కీ బే బొమ్మలో ఆ ఆకుల మీద పెట్టిన శ్రద్ధ చూస్తే నాకు అలాగే అనిపిస్తుంది.

పడమటిగాలి:
మరి దాన్ని అంటార్కిటికా మొదటి చిత్రం అనవచ్చా?

తూర్పుతీరం:
అంటార్కిటికా చుట్టూ ఉన్న మంచును చూసి వేసిన మొదటి నూనెరంగు చిత్రం అనండి, సరిగ్గా ఉంటుంది. ఖండాన్ని కుక్ చూడనే లేదు. 1774 జనవరి 30న 71 డిగ్రీల 10 నిమిషాల దక్షిణ అక్షాంశం దాకా వెళ్లి మంచు అడ్డొచ్చి తిరిగొచ్చాడు. ఖండం మనుషుల కంటబడింది 1820లో.

మన దేశం సంగతీ ఒకటి చెప్పాలి. మన మొదటి అంటార్కిటికా యాత్ర ఖాసిం గారి నాయకత్వంలో గోవా నుంచి బయల్దేరి అక్కడ దిగింది 1982 జనవరి 9న. కుక్ మంచు ఎక్కించుకున్నదీ జనవరి 9నే, 209 ఏళ్ల ముందు. దక్షిణాన వేసవి కాలమే ఓడలకు దారిచ్చేది, అందుకే అందరి తేదీలూ డిసెంబరు, జనవరిలోనే పడతాయి.

మల్లెపందిరి:
హాడ్జెస్ మన దేశానికి వచ్చాడని ఎక్కడో చదివాను. ఆయనేనా?

కుంచెమాట:
ఆయనే అక్కా. 1780లో మద్రాసులో దిగాడు. అదే ఏడాది హైదర్ అలీ కర్ణాటిక్ (మద్రాసు చుట్టుపక్కల ప్రాంతం) మీద దండెత్తాడు, ఊరు దాటి బొమ్మలు వేసుకునే పరిస్థితి లేకుండా పోయింది. దాదాపు ఏడాది మద్రాసులోనే ఉండిపోయాడు. తర్వాత కలకత్తా వెళ్లి, వారెన్ హేస్టింగ్స్ అండతో గంగ వెంట కాశీ దాకా, ఇంకా పైకి తిరిగి చాలా వేశాడు. 1783లో వెళ్లిపోయాడు. ఇక్కడికి వచ్చిన మొదటి బ్రిటిష్ ప్రకృతిదృశ్య చిత్రకారుడు ఆయనే. మంచు చూడటానికి సిడ్నీ, గ్రీనిచ్ వెళ్లలేకపోయినా, కోల్‌కతా విక్టోరియా మెమోరియల్‌లో ఆయన నూనెరంగు బొమ్మలు మనకు దగ్గరే. కాశీ ఘాట్ల మీద ఆయన వేసిన గాలి, తేమ చూడండి. అలా వాతావరణాన్ని చూసే కన్ను ఆ యాత్రలోనే వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

చివరి రోజులు మాత్రం బాగాలేవు. బొమ్మలు వదిలేసి డార్ట్‌మత్‌లో బ్యాంకు వ్యాపారంలో చేరాడు. 1797లో అది కూలింది, ఆయనా ఆ ఏడాదే పోయాడు.

నీలిసిరా:
ఇంతసేపూ రిజల్యూషన్ గురించే మాట్లాడుకున్నాం. బొమ్మలో రెండో ఓడ అడ్వెంచర్ ఏమైంది సర్?

తూర్పుతీరం:
దాని కెప్టెన్ టొబయాస్ ఫర్నో. మంచు ఏరుకున్న నెల రోజులకు, 1773 ఫిబ్రవరి 8న పొగమంచులో రెండు ఓడలూ విడిపోయాయి. తుపాకులు పేల్చి వెతికినా దొరకలేదు. తప్పిపోతే కలుసుకోవాల్సిన చోటు ముందే అనుకున్నారు కాబట్టి మే నెలలో న్యూజిలాండ్‌లోని క్వీన్ షార్లట్ సౌండ్‌లో కలిశాయి. అక్టోబరులో మళ్లీ తుపానులో విడిపోయి ఇక కలవలేదు. అడ్వెంచర్ 1774 జూలైలోనే ఇంగ్లండ్ చేరింది, రిజల్యూషన్ ఇంకో ఏడాది తిరిగి 1775 జూలై 30న. కాబట్టి రెండో వేసవిలో, ఆ 71 డిగ్రీల దగ్గర, రిజల్యూషన్ ఒక్కటే ఉంది. మంచులో రెండు ఓడలూ పక్కపక్కనే ఉన్నది ఆ మొదటి వేసవి వారాల్లోనే. హాడ్జెస్ వేసింది వాటినే.